స్తంభం దగ్గర నిదానించిన ట్రాలీ

మొదట చక్రాల చప్పుడు వినిపించింది. చప్పుడు అనకూడదేమో. నిద్రపోతున్న మనిషి ఊపిరిలా, నేలను తాకీ తాకనట్టు, వరండా చివరి నుంచి ఏదో వస్తోంది. పొద్దుటి నుంచి ఆ బీదరు ఆసుపత్రి వరండాలో ఎన్నో స్ట్రెచర్లు వెళ్ళాయి. గడగడమంటూ, కీచుమంటూ, బండల అతుకుల దగ్గర ఎగిరిపడుతూ వెళ్ళాయి. ఇది అలా లేదు. అతుకు వచ్చినచోట ఒక్క క్షణం తేలికై, మెల్లగా దిగి, మళ్ళీ సాగింది. చప్పుడు వెనకే సన్నగా ముఖానికి రాసుకునే పౌడర్ వాసన వచ్చింది. ఆ వెనక మనిషి వచ్చాడు.

పొట్టిగా, నల్లగా, భుజాలు కొంచెం ముందుకు వంగి ఉన్నాడు. అరవైకి దగ్గర వయసు. నీలం చొక్కా జేబు మీద కన్నడంలో ఆసుపత్రి పేరు. మంగళగి దగ్గర బండి మీద నుంచి పడి కాలు విరగ్గొట్టుకున్న మా అన్నను ఎక్స్‌రేకి తీసుకుపోవడానికి వచ్చాడు.

"కండ్లు మూసుకోకుండ్రి సార్. పైన లైట్లు పోతుంటయి, వాటిని చూస్తుండుండ్రి. నొప్పి జర మరుస్తరు" అన్నాడు మా అన్నతో.

పైకప్పు లైట్లు ఒక్కొక్కటే మా అన్న ముఖం మీదుగా వచ్చి, వెలిగి, వెళ్ళిపోయాయి. ఎక్స్‌రే గది దగ్గర మా అన్న, "సినిమాలో ఉన్నట్టుంది బాబూ" అన్నాడు.

"సినిమా గాదు సార్, సీరియల్. సినిమాల జల్ది పోతది. నేను సీరియల్లల్ల తోసిన, పంతొమ్మిదేండ్లు."

అతని పేరు బర్నబా. ఊరు జనవాడ. అక్కడ ఉన్న ఎనిమిది రోజుల్లో అతని సంగతంతా కొంచెం కొంచెంగా తెలిసింది. మధ్యాహ్నం అన్నం వేళ ల్యాబ్ వెనక వేపచెట్టు కింద సిమెంటు బల్ల మీద కూర్చునేవాడు. ముందు డబ్బా విప్పేవాడు కాదు, ఫోన్ విప్పేవాడు. ఆ ఫోన్ కూతురు షెకినాది. ఆ ల్యాబ్‌లోనే రక్తపరీక్షలు చేస్తుంది. రోజూ వచ్చి, ఫోన్లో పాత సీరియల్ పెట్టి, తండ్రి చేతిలో ఉంచి, "పనుంది నాయినా" అని లోపలికి పోయేది. ఆమె కూర్చుని చూడడం నేను ఒక్కరోజూ చూడలేదు.

బర్నబా ఆ సీరియల్లో కథ చూడడు, వేలితో ముందుకు జరిపేస్తాడు. ఎవరు ఎవరి కొడుకో అడిగితే చెప్పలేడు. ఒక ముఖం కోసం చూస్తున్నాడు.

*

సీరియల్లో కెమెరా నడవాలంటే నేల మీద ఇనుప పట్టాలు పరుస్తారు. ఎత్తుపల్లాల కింద చెక్కముక్కలు దోపుతారు. పట్టాల మీద చక్రాల పలక, పలక మీద కెమెరా, కెమెరా వెనక దాన్ని నడిపే మనిషి. ఈ మొత్తాన్ని వెనక నుంచి ఒకడు తోస్తాడు. దాన్ని ట్రాలీ అంటారు. చక్రాలు కీచుమంటే మాటలు పాడవుతాయి కాబట్టి పట్టాల మీద పౌడర్ చల్లుతారు. ఇంటికి పోయిన ప్రతిసారీ బర్నబా చొక్కాలో ఆ వాసన ఉండేది. "పనికి పోయినవా, పెండ్లిచూపులకు పోయినవా?" అని ఆటపట్టించేది భార్య హేబ్సిబా.

తోయడంలో ఏముంటుందని నేనడిగాను. ఆ మాట చాలామంది దగ్గర విన్నవాడిలా నవ్వాడు.

"ఒక మనిషి ఏడుస్తుండు అనుకోండ్రి. కెమెరా కదలకుంటె ఏడుస్తుండు, అంతే. మెల్లగ దగ్గరికి తోసినమనుకోండ్రి, చూసేటోళ్ళు లేచి ఆయన పక్కకు పోయినట్టయితది. అదే ఎనకకు గుంజితే, అందరు ఆయన్ని ఇడిసిపెట్టి పోతున్నట్టు. ఆ మనిషి ఏడ్సుడు మారలే సార్. మారింది నా చేతులు."

మరి అత్తగార్ల మీద ఉరుములు, మెరుపులు, ముఖం మూడుసార్లు మీదికి దూకడం ఏమిటన్నాను.

"అది నాది గాదు. అది ఎడిటింగోళ్ళది" అన్నాడు వెంటనే, తనమీద పడ్డ నింద తుడుచుకుంటున్నట్టు. "చెంపదెబ్బ ఒక్కటే సార్. తిన్నది ఒక్కతే. కాని ఇంట్ల ఎనిమిది ముఖాలుంటే ఎనిమిది చూపియ్యాలె. కొట్టినామె చెయ్యి సోమవారం లేస్తే, దించేసరికి బేస్తవారం అయ్యేది."

ట్రాలీ తోసేవాడు ముఖాలు చూడడు. పట్టాల పక్కన సుద్దతో గీత గీసి ఉంటుంది. ఆ గీత మీదే నజర్. ఎక్కడ కదలాలో, ఎక్కడ ఆగాలో ఆ గీత చెబుతుంది. అలా హైదరాబాదులో పంతొమ్మిదేళ్ళు బర్నబా ఎందరి కన్నీళ్ళ దగ్గరికో వెళ్ళాడు. ఏ కన్నీటినీ చూడలేదు. సాయంత్రాలు సీరియల్ వచ్చే వేళకు ఇంకో సీరియల్ తోస్తూ ఉండేవాడు కాబట్టి టీవీలోనూ చూడలేదు.

చూసేది హేబ్సిబా. జనవాడలో అంగన్‌వాడీ ఆయా పని చేసి, షెకినాకు అన్నం పెట్టి, ఏడున్నరకు టీవీ ముందు కూర్చునేది. ఆమెకూ కథ పట్టదు. పనయ్యాక బర్నబా ఫోన్ చేస్తే అడిగేది:

"నిన్న ఆ ముసలాయన తలుపు తీస్తుంటె కెమెరా ఎంబడి పొయ్యింది గదా. నువ్వేనా?"

"నేనే."

"అనుకున్న. నువ్వు తోస్తే తెలుస్తది. ఊయల ఊపినట్టుంటది."

కొన్నిసార్లు అది అతను తోసింది కాదు. ఆ రోజు వేరేవాడు డ్యూటీలో ఉండేవాడు. అయినా నేనే అనేవాడు.

నెలకో రెండు నెలలకో ఒకసారి ఇల్లు. మిగతా అంతా ఆ ఫోను మాటలు. తాను కదిపిన కదలికను ఆమె నూట ముప్పై కిలోమీటర్ల అవతల గుర్తుపట్టిందంటే, ఆ రాత్రి తన చేయి ఆమె భుజం మీద ఉన్నట్టే అనిపించేదట. ఆ మాట నాకు చెప్పి, సిగ్గుపడి, డబ్బా మూత తీశాడు.

*

అతను వెతుకుతున్న ముఖం హేబ్సిబాది.

రెండు వేల తొమ్మిది ఎండాకాలం. షెకినాను పక్కింటి జగదేవి దగ్గర వదిలి, జొన్నరొట్టెలు మూట కట్టుకుని, చెప్పకుండా హైదరాబాదు వచ్చింది. అద్దెకు తీసుకున్న పెద్ద బంగళాలో షూటింగ్. పెళ్ళి సీను. పీటల మీద పెళ్ళికూతురు, పక్కన పెళ్ళికొడుకు పీట ఖాళీ. చుట్టాలుగా నిలబడడానికి రావలసిన ఆడవాళ్ళలో నలుగురు రాలేదు. గేటు దగ్గర మూటతో కూర్చున్న హేబ్సిబాను ఎవరో చూసి, "అమ్మా, ఒక గంట నిలబడతావా?" అన్నారు. బర్నబా సరేననలేదు, కాదనలేదు. ఆమే లేచింది.

ఆకుపచ్చ పట్టుచీర ఇచ్చారు. కుంకుమ భరిణెతో ఒకామె వచ్చింది.

"మేము పెట్టుకోము అమ్మా" అంది హేబ్సిబా.

"షూటింగే కదమ్మా. అయ్యాక తుడుచుకో."

"తుడుచుకునేదానికి పెట్టుకునుడెందుకు?"

ఆమె తండ్రి, తాత అందరూ జనవాడ చర్చిలో పెరిగినవాళ్ళు. పెళ్ళినాడు కూడా ఆమె నుదుటికి ఏమీ లేదు. తగువెందుకని ఆమెను వెనక వరసలో, రంగు వేసిన చెక్క స్తంభం పక్కన, సగం నీడలో నిలబెట్టారు.

కెమెరా చుట్టాల ముందు నుంచి జరుగుతూ వెళ్ళి పెళ్ళికూతురి దగ్గర ఆగాలి. "ఒకే వేగం బర్నబా. వీళ్ళెవరూ మనుషులు కాదు. గోడ జరిగినట్టు జరిగిపోవాలి" అని డైరెక్టర్ చెప్పాడు.

తోశాడు. తలవంచి గీతను చూస్తూ వెళుతుంటే పట్టాల అవతల పాదాలు జరిగిపోతున్నాయి. బూట్లు, జరీ చెప్పులు, మెట్టెలు, పారాణి. స్తంభం దాటగానే ముందు వరసలో కాస్త సందు. ఆ సందులో, వెనకగా, చెప్పులు లేని రెండు పాదాలు కనబడ్డాయి. కుడికాలి బొటనవేలికి గోరు లేదు. చిన్నప్పుడు రాయి పడి ఊడిన గోరు, మళ్ళీ సరిగా రాలేదు. ఆ పాదం అతనికి తెలుసు.

ట్రాలీ తోస్తూ మొదటిసారి తలెత్తాడు.

అందరూ ఖాళీ పీట వైపు చూడాలని చెప్పారు. ఆమె మాత్రం ట్రాలీ వెనక ఉన్న మనిషి వైపు చూస్తోంది. చెంగు భుజం మీదికి లాక్కుంటూ, మెడ కొంచెం పక్కకు వంచి. ఇంట్లో పొయ్యి దగ్గర నుంచి, "వచ్చినవా?" అని చూసేది కూడా అలాగేనట.

చేతులు నిదానించాయి. ఆగలేదు, నిదానించాయి. మళ్ళీ సాగాయి.

"కట్!" డైరెక్టర్ లేచి వచ్చాడు. "ఎవరావిడ?"

బర్నబా మళ్ళీ సుద్దగీత వైపు తల దించుకున్నాడు.

"పెళ్ళిలో బొట్టు లేని మనిషి. నీడలో నిలబడింది. కెమెరా ఆమె దగ్గర నిదానించింది. రేపు జనం ఏమనుకుంటారు? పెళ్ళికొడుకు కన్నతల్లి దొరికింది అనుకుంటారు! రేపటి నుంచి ఉత్తరాలు, ఫోన్లు. ఆమెకు కథ నేనెక్కడి నుంచి తేవాలి బర్నబా?"

అందరూ నవ్వారు. రెండోసారి గోడ జరిగినట్టే తోశాడు. కాని అప్పుడు పెళ్ళికూతురు తుమ్మింది. ఇంతలో ఆమె ఇంకో షూటింగ్‌కు పోవలసిన వేళ అయింది. రెండింటిలో ఏది ఉంచుతారో తెలియకుండానే దీపాలు ఆర్పేశారు.

బంగళా వెనక గోడ నీడలో ఇద్దరూ రొట్టెలు తిన్నారు. "పనంత ఖరాబు జేసినవు" అంది హేబ్సిబా.

"నువ్వు నన్నెందుకు చూసినవు? ఆ పీట చూడాలె గదా."

"పీటేముంది చూడనీకి?"

*

మూడు వారాల తర్వాత ఆ భాగం వచ్చింది. ఆ సాయంత్రం బర్నబా వేరే ఇంట్లో, వేరే అత్త మెట్లు దిగుతుంటే తోస్తున్నాడు. పని కాగానే ఫోన్ చేశాడు.

"వచ్చినవా?"

"వచ్చిన."

"ఎట్ల?"

"ఎట్లేంది? కెమెరా మెల్లగ వచ్చి వచ్చి నా దగ్గర నిదానమైంది. టీవీ నిండ నా ముఖమే ఉండె. నాకే సిగ్గయింది."

"మంచిగున్నవా?"

"ఇంటికొచ్చి చూసుకోరాదు!"

ఐదేళ్ళు ఆ మాట మీద బతికాడు. పట్టాలు మోసి భుజాలు గుంజిన రోజు, గదిలో పడుకుని, టీవీ నిండా ఆమె ముఖాన్ని తలుచుకునేవాడు. రెండు వేల పధ్నాలుగులో జ్వరం వచ్చి నాలుగు రోజుల్లో హేబ్సిబా పోయింది. మొదటి మూడు రోజులు, "ఏం లేదు, పని చూసుకో" అని ఫోన్లో చెప్పింది. నాలుగో రోజు బస్సు జనవాడ చేరేసరికి వాకిట్లో చాపలు పరిచి ఉన్నాయి.

అతను మళ్ళీ హైదరాబాదు పోలేదు. షెకినా అప్పుడు పదో తరగతి. బీదరులో ఈ ఆసుపత్రిలో చేరాడు. చేరిన వారంలోనే ఒక పౌడర్ డబ్బా తెచ్చి స్ట్రెచర్ చక్రాల ఇరుసుల్లో చల్లాడు. లోపలికి తీసుకుపోయేటప్పుడు నిదానంగా తోస్తాడు, బయటికి తెచ్చేటప్పుడు కాస్త చురుగ్గా. "లోపలికి పోయేటోళ్ళకు తొందరుండది సార్" అన్నాడు.

ఇంట్లో హేబ్సిబా ఫోటోలు మూడున్నాయి. పెళ్ళిది, రేషన్ కార్డుది, అంగన్‌వాడీ గుర్తింపు కార్డుది.

"మూడింట్ల కదలకుంట ఉంటది. ఆమె ఎప్పుడు కదలకుంట ఉన్నది సార్? నాకు ఆమె చెంగు గుంజుకునుడు కావాలె. మెడ వంచుడు కావాలె. అది ఒక్క కాడనే ఉన్నది."

రెండు నెలల క్రితం ఆ పెళ్ళి సీను వేసిన చానల్ ఆ పాత సీరియల్‌ను మొదటి నుంచి ఇంటర్నెట్‌లో పెట్టడం మొదలుపెట్టింది, రోజుకు పది భాగాల చొప్పున. ఆసుపత్రిలో ఎవరో నర్సు చూస్తుంటే బర్నబాకు తెలిసింది. ఎన్నో భాగమో అతనికి గుర్తులేదు. ఆగిపోయిన పెళ్ళి, ఖాళీ పీట, అంతే గుర్తు. ఆ సీరియల్లో ఆగిపోయిన పెళ్ళిళ్ళు ఐదున్నాయి. నాలుగు అయిపోయాయి.

*

ఎనిమిదో రోజు మా అన్నను ఇంటికి పంపుతున్నారు. ఆ మధ్యాహ్నం బర్నబా ముఖం కడుక్కుని, తల దువ్వుకుని వచ్చాడు.

"ఇయ్యాల వస్తది సార్. నిన్న పందిరేసిండ్రు. అదే బంగళా. ఆ స్తంభాలు నేను గుర్తుపట్టిన."

షెకినా ఫోన్ తెచ్చి ఇచ్చింది. ఈసారి లోపలికి పోలేదు. తండ్రి పక్కన కూర్చుని, చేతి తొడుగులు తీసి, మళ్ళీ వేసుకుని, మళ్ళీ తీసింది.

పెళ్ళి మొదలైంది. అంతలో ఎయిర్‌ఫోర్స్ శిక్షణ విమానం తల మీదుగా తిరిగింది. బీదరులో అది రోజూ ఉండేదే, మాట ఆపి అది పోయేదాకా చూస్తారు. ఫోన్లో సన్నాయి, మంత్రాలు, ఏడుపు అన్నీ ఆ మోతలో కొట్టుకుపోయాయి. బొమ్మ మాత్రం మిగిలింది. మాట లేకుండా కదులుతున్న బొమ్మ.

కెమెరా బయలుదేరింది. తలపాగా పెట్టుకున్న పెద్దాయన. చంకలో పిల్లతో ఒకామె. ముక్కుపుడక ముసలమ్మ. గోడ జరిగినట్టే అందరూ జరిగిపోయారు. తర్వాత కదలిక మారింది. తెలియనివాళ్ళకు తెలియదు. నడుస్తున్న మనిషికి ఏదో గుర్తొచ్చి అడుగు బరువెక్కినట్టు, బొమ్మ నిదానించింది. స్తంభం అంచు వచ్చింది. స్తంభం సగం దాటింది. అవతల ఆకుపచ్చ చీర అంచు, దారమంత, మెరిసిందో లేదో.

పెళ్ళికూతురి కళ్ళు. మూడుసార్లు మీదికి దూకాయి.

బర్నబా కదలలేదు. "మల్ల వస్తదేమో" అన్నాడు. చివర పేర్లు పడేదాకా చూశాడు. రాలేదు. విమానం మోత దూరమైంది.

"నాయినా" అంది షెకినా. "అప్పుడు గూడ గింతే వచ్చింది."

అతను ఆమె వైపు తిరిగాడు.

"నేను, అమ్మ కూసొని చూసినం. స్తంభం దాక వచ్చింది, అయిపోయింది. అమ్మ రాలే."

"వచ్చిన అన్నది. టీవీ నిండ ఉన్న అన్నది."

"నువ్వు ఫోన్ల అడిగినవు గదా, వచ్చినవా అని. నువ్వు అడిగిన తీరుకు అమ్మ వచ్చిన అన్నది. నీకు చెప్పొద్దని నా మీద ఒట్టు పెట్టించుకున్నది."

"రెండు నెలల సంది రోజు ఫోన్ చేతికిస్తివి గదనే."

"ఎట్ల జెప్పాలె నాయినా? తల దువ్వుకొని కూసుంటివి." తొడుగులను ఒళ్ళో మడతపెట్టింది. "నేను చిన్నపోరిని గదా అప్పుడు, తప్పు చూసిన్నేమో అనుకున్న. ఏమో, ఉంటదేమో అనుకున్న."

డబ్బా మూత మీద వేపాకు ఒకటి పడింది.

"ఫోన్ పెట్టేసినంక ఏం జేసింది?" అని అడిగాడు బర్నబా.

"నవ్వింది. తర్వాత టీవీ బంద్ జేసి, దాని ముందల పోయి నిలబడ్డది. నాయినకు అబద్ధం చెప్పినవు అన్న నేను. 'అబద్ధమేంది బిడ్డా, చూడు, టీవీ నిండ నేనే ఉన్న' అన్నది. నల్లటి టీవీల అమ్మ ముఖం కనవడుతుండె. చెంగు సదురుకొని, ఇటు అటు తిరిగి చూసుకున్నది."

బర్నబా పెదవులు కొంచెం సాగాయి. నవ్వే అనుకుంటాను. "మెడ వంచిందా?"

"వంచింది."

ఫోన్ తీసుకుని ఆ ముక్కను మళ్ళీ పెట్టించుకున్నాడు. మళ్ళీ, మళ్ళీ. నాలుగు సెకన్లు. ముసలమ్మ, బరువెక్కే అడుగు, స్తంభం. ఇప్పుడతను స్తంభం అవతలికి చూడడం లేదు. ఆ నిదానాన్నే చూస్తున్నాడు. ఒక చేయి బల్ల అంచును పట్టుకుని, బొమ్మతో పాటు, మెల్లగా ముందుకు కదులుతోంది.

"బర్నబా అన్నా, పేషెంట్!" అని లోపలి నుంచి ఎవరో కన్నడంలో పిలిచారు. పేషెంట్ మా అన్నే. ఫోన్ కూతురికిచ్చి, తలమీద చేయి పెట్టి, లేచాడు. డబ్బా విప్పనేలేదు.

వరండాలో ఎప్పటిలాగే చక్రాలు ఊపిరిలా సాగాయి. పైన లైట్లు వచ్చి పోయాయి. గేటు ముందు గడప ఉంది. దాన్ని దాటించి, స్ట్రెచర్‌ను బండి దాకా తెచ్చి, మా అన్న కట్టుకాలిని రెండు చేతులతో ఎత్తి సీటు మీద పెట్టాడు. నేను సెలవు చెప్పి ఎక్కి కూర్చున్నాను. ఇంజను మొదలయ్యాక బర్నబా కిటికీ దగ్గరికి వచ్చాడు. అరచేతిలో చక్రాలకు చల్లిన పౌడర్ ఇంకా తెల్లగా ఉంది.

"కోసింది వాళ్ళు సార్" అన్నాడు. "నేనైతే ఆమె దాక తోసిన."